పసుపు పెట్టిన కోటు

ఎనభైల మొదట్లో, అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్లకి దగ్గరలో ఒక చర్చివాళ్ళు పాత బట్టల దుకాణం నడిపేవారు. జనం ఇచ్చినవాటిని శుభ్రం చేసి, లేనివాళ్ళ కోసం చవగ్గా అమ్మేవారు. శనివారం తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉండేవాణ్ణి. పిల్లల చలికోట్లలో మంచివన్నీ ఏరుకునేవాణ్ణి. అక్కడ పనిచేసే ముసలావిడ ఒకసారి ఇన్నెందుకని అడిగింది. మా దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకన్నాను. అది అబద్ధం కాదు. అమ్ముతానని మాత్రం చెప్పలేదు. ఆవిడ ముచ్చటపడి, అప్పట్నుంచి మంచి కోట్లు నా కోసం వెనక గదిలో దాచిపెట్టేది.

ముక్కూమొహం తెలియనివాళ్ళు విడిచిన బట్టలు మనవాళ్ళు పిల్లలకి తొడగరు. అందుకని దుకాణం చీటీ పీకేసి, ఇస్త్రీ చేసి, "సేల్‌లో కొన్నాను" అని చెప్పి నాలుగైదు రెట్లకి అమ్మేవాణ్ణి. పెద్ద షాపు ధరకన్నా తక్కువే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఉద్యోగం ఉంది, జీతం ఉంది. అవసరమై చేసింది కాదు, రుచి మరిగి చేసింది.

ఆ చలికాలం మా ఆఫీసులో కొత్తగా చేరినతను భార్యతో, చిన్నపాపతో మా కింది అంతస్తులో దిగాడు. పాప కోసం ఒక ఎర్ర కోటు తీసుకెళ్ళాను. అతని భార్య దాన్ని చూసి మురిసిపోయి, వంటింట్లోంచి పసుపు తడిపి తెచ్చింది.

"కోటుకి కూడా పసుపేంటే? స్కూల్లో నవ్వుతారు," అన్నాడతను.

"లోపలి అంచుకి పెడుతున్నాలెండి, ఎవరికి కనపడుద్ది? కొత్త బట్ట ఉత్తినే తొడుగుతామా ఏంటి?" అని, ఆవిడ నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, పెద్దవారు, మీ చేత్తో తొడగండి."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. పాప చేతులు చాపింది. తొడిగాను. అతనిచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని మెట్లెక్కాను.

మరుసటి చలికాలానికి ఆవిడే ఆ కోటు ఉతికి, మడతపెట్టి మా ఇంటికి తెచ్చింది.

"పాపకి పొట్టయిపోయింది అన్నయ్యగారూ. కొత్తగా వచ్చినవాళ్ళకెవరికన్నా ఇవ్వండి. వాడిందని మాత్రం ముందే చెప్పండే, తర్వాత తెలిస్తే బాధపడతారు. డబ్బులేం వద్దు."

లోపలి అంచున పసుపు మరక ఇంకా ఉంది. దాన్ని అమ్మలేకపోయాను. దుకాణానికే తిరిగిచ్చేద్దామని వెళితే, ముసలావిడ ఒక బొత్తాన్ని చూసి కోటును గుర్తుపట్టింది. అది తనే కుట్టిందట. పాప ఎదిగిందన్నమాట అని సంబరపడి, వెనక గదిలోంచి మరో రెండు కోట్లు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. డబ్బిస్తే తీసుకోలేదు.

ఆ రెండూ మనవాళ్ళకి ఊరికే ఇచ్చాను. అవి ఎక్కడివో మాత్రం అప్పుడూ చెప్పలేదు. ఆ ఇళ్ళలో ఇప్పటికీ నన్ను ధర్మాత్ముడంటారు.