సరోజ ముఖం మీద తెల్ల రంగు

దాదాపు నలభై ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోకాళ్లు అరిగాయి, పళ్లు ఊడాయి. ఇది మాత్రం అరగలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పేదాన్ని కాదు. అరవై దాటాక మల్కాజ్‌గిరిలో మా వీధి టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. వంకర రాతే. అయినా ఇది ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు.

మారేడ్‌పల్లిలో ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. మనుషులను ఎదుట కూర్చోబెట్టి బొమ్మలు గీయడం ఆయన వృత్తి. పడుచు వయసులో ఓడ దిగి వచ్చాడు. కంటోన్మెంట్‌లో ఆఫీసర్లను, వాళ్ల దొరసానులను, చివరికి వాళ్ల కుక్కలను కూడా గీశాడట. తెల్లవాళ్లంతా వెళ్లిపోయినా ఈయన వెళ్లలేదు. తన దేశంలో తనను గుర్తుపట్టేవాళ్లెవరూ మిగల్లేదని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత డాక్టర్లు, వ్యాపారస్తులు వచ్చి కూర్చునేవారు. "హిలో మత్" అనేవాడు వాళ్లతో. కదలొద్దని. ముక్కు, నోరు, చెంపలు అన్నీ అయ్యాకే కళ్లు పెట్టేవాడు. కలర్ ఫొటోల స్టూడియోలు వచ్చాక ఆ వచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు.

ఆయన ఇంట్లో దాదాపు ఇరవై ఏళ్లు చేశాను. వంట, ఊడ్పు, బ్రష్షులు కడగడం. నా కొంగుకు ఎప్పుడూ టర్పెంటైన్ వాసనే. ఇంకో పని కూడా నాదే. నచ్చని బొమ్మను దొర పారేయడు. దాని వెనక సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాడు. గుర్తు ఉన్నదాన్ని నేను కత్తితో గీకి, రాయితో రుద్ది, తెల్ల రంగు మూడు పూతలు కొట్టి ఆరబెట్టాలి. దాని మీద ఇంకో మనిషిని గీస్తాడు. ఎన్ని ముఖాలు గీకానో లెక్క లేదు. ఒక్కదానికీ నా మనసు కదల్లేదు.

రెజిమెంటల్ బజార్‌లో ఇస్త్రీ చేసే మల్లమ్మకు ఒక్కతే కూతురు, సరోజ. పద్దెనిమిదేళ్లుంటాయి. దొర చొక్కాలు తెచ్చేది. ఒకరోజు చొక్కాలు ఇచ్చి వెళ్లబోతుంటే దొర కూర్చోమన్నాడు. కూర్చుంది. నవ్వు ఆపుకోలేక కదులుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా కోప్పడలేదు. బొమ్మ అయ్యాక దాని ముందు కుర్చీ వేసుకుని అట్లాగే ఉండిపోయాడు. "ఆయా, పచాస్ సాల్ మే యే ఏక్" అన్నాడు. యాభై ఏళ్లలో ఇదొక్కటి. రంగు పూర్తిగా ఆరేదాకా మళ్లీ చూడనని దాన్ని మిగతా బొమ్మల వెనక పెట్టించాడు.

నాకు ఒళ్లు మండింది. అప్పటికి పదిహేడేళ్లు ఆయన రంగులు కడిగాను. ఒక్కనాడైనా నన్ను కూర్చోమన్నాడా? నా ముఖాన అమ్మవారు పోసిన మచ్చలున్నాయి. అందుకేనా? అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం దొర చర్చికి వెళ్లాడు. సుద్దముక్క తీసుకుని సరోజ బొమ్మ వెనక నేనే ఇంటూ గుర్తు పెట్టాను. కత్తి పట్టుకున్నాను. ఆ కళ్ల మీద గీకడానికి చెయ్యి రాలేదు. దయ అనుకున్నాను అప్పుడు. కాదు, భయం. గీకకుండానే తెల్ల రంగు ఒక్క పూత కొట్టేశాను. ఆయన తిరిగొచ్చేసరికి బియ్యం ఏరుతున్నాను.

ఏమనుకున్నాను? మళ్లీ గీసుకుంటాడులే అనుకున్నాను. పిల్ల ఎక్కడికి పోతుంది అనుకున్నాను. పిల్ల పోయింది. నెల తిరగకముందే పచ్చకామెర్లు వచ్చి పోయింది.

పదకొండోనాడు మల్లమ్మ వచ్చి వరండా మెట్ల మీద కూలబడింది.

"దొరా, నా బిడ్డ ఫొటో ఒక్కటి సుత లేదు. దిగుదాం దిగుదాం అనుకుంటనే ఉంటిమి. నువ్వు గీసిన బొమ్మ జెర చూపియ్యి. చూసి పోతా."

దొర లోపలికి వెళ్లాడు. గోడకు ఆనించిన బొమ్మలన్నీ తిప్పి చూశాడు. చివరికి చట్రానికి బిగించి తెల్లగా ఉన్న బట్ట దగ్గర ఆగాడు. దాన్ని తిప్పాడు. వెనక గుర్తు ఉంది.

"ఆయా, యే కిస్‌నే?"

"మీరే పెట్టిన్రు కద దొరా. మీ గుర్తు చూసే కొట్టిన."

"మైనే?"

"ఇంకెవరు పెడ్తరు? ఈ మధ్య మీకు యాది ఉంటలేదు."

ఆ మాట ఎందుకన్నాను? మొదటి అబద్ధం సరిపోయేది కదా. ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. అది ఎవరిదో అన్నట్టు. తర్వాత వరండాలోకి వెళ్లి మల్లమ్మ ముందు చేతులు జోడించాడు. "మాఫ్ కరో అమ్మా. గల్తీ నాది. నేను ముసలి" అన్నాడు. మల్లమ్మ ఏడుస్తూనే ఆయన చేతులు పట్టుకుంది. "నీ తప్పేముంది దొరా, నా కిస్మత్" అంది. నేను తలుపు వెనకే నిలబడ్డాను.

ఆ రోజు నుంచి ఆయన తనను తానే నమ్మలేదు. పాలు తాగానా అని అడిగేవాడు. తలుపు వేశానా అని రెండుసార్లు లేచేవాడు. ఆయన బుర్రకు ఏమీ కాలేదు. నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

ఒకరోజు పొద్దున "ఆయా, నువ్వు బైఠో" అన్నాడు. సిద్ధంగా ఉన్న బట్ట అదొక్కటే. దాన్నే తెచ్చి నిలబెట్టాడు. వద్దనాలి. అనలేదు. పదకొండు రోజులు కదలకుండా కూర్చున్నాను. నా మచ్చలు ఒక్కొక్కటే పెట్టాడు, ఒక్కటి కూడా దాచకుండా. కళ్లు పెట్టిన రోజు బ్రష్ కింద పెట్టేశాడు. మళ్లీ పట్టలేదు. రెండేళ్లకు పోయాడు. పోయేముందు ఆ బొమ్మ నాకే ఇచ్చాడు.

ఒక్క పూత తెలుపు ఎన్నాళ్లు ఆగుతుంది? పదేళ్ల కింద మా కోడలు దుమ్ము తుడుస్తూ "అత్తమ్మా, మీ చెంపల ఇంకో కన్ను కనవడుతున్నదేంది?" అంది. నేను అంతకుముందే చూశాను. ఇప్పుడు రెండో కన్ను కూడా తేలింది. పగటి వెలుతురులో బొమ్మ ఉన్న గది దాటాలన్నా గోడ వైపు చూడకుండా నడుస్తాను. అయినా తెలుస్తుంది, నవ్వు ఆపుకుంటూ ఉందని.

నాలుగేళ్ల కింద పాత బొమ్మలు బాగుచేసే ఒకాయన ఇంటికొచ్చి చూశాడు. పైది కరిగించి తీసేస్తే కిందిది రావచ్చు, కొంత పాడైనా ముఖం వస్తుంది అన్నాడు. పైది మాత్రం పోతుందన్నాడు. పైది నేను. ఆలోచించి చెప్తానన్నాను. నాలుగేళ్లు ఆలోచించాను. ఆ పదకొండు రోజులు తప్ప నన్ను అంతసేపు ఎవరూ చూడలేదు, నా పెనిమిటి కూడా. దాన్ని వదులుకోలేకపోయాను. సుద్దముక్క పట్టిన రోజు కోపం, దొర అడిగిన రోజు భయం. ఈ నాలుగేళ్లకు ఏ పేరు పెట్టుకోను?

పోయిన నెల మల్లమ్మ కనిపించింది. నాకంటే ఏడాది చిన్నది, నడుం వంగిపోయింది. నా చెయ్యి పట్టుకుని "అక్కా, బిడ్డ ముఖం యాదికొస్తలేదే. ఎంత కండ్లు మూసుకున్నా వస్తలేదు" అంది.

ఆ ముఖం మా ఇంట్లో ఉంది. ఆమె కళ్లు చూడగలిగినన్నాళ్లే దానికి విలువ.

నిన్న ఆ బొమ్మలు బాగుచేసే ఆయనకు ఫోన్ చేయించాను. నన్ను తీసేయమన్నాను. రేపు బొమ్మ తీసుకుపోతాడు. నేను రెజిమెంటల్ బజార్‌కు వెళ్తాను. బొమ్మ చూపించి మాట దాచడం కుదరదు, ముందు మాటే చెప్పాలి. మల్లమ్మ ఉమ్మేస్తే ఉమ్మేయనీ. దొరకు చెప్పడానికి దొర లేడు. ఆయన తన చేతిని అట్లా చూసుకున్న చూపు నాతోనే కాడుకు వస్తుంది.

ఇందాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ మాట పైకి అని చూశాను. "మల్లమ్మా, దొర కాదు. నేను." గొంతు నాదిలా లేదు. మళ్లీ అన్నాను. రెండోసారి నాదే.