ఆసు వెయ్యని మధ్యాహ్నం

రాయ్‌పూర్ మోవాలో మా అపార్టుమెంటు కింద కూలర్లు బాగుచేసే అతను ఈ ఎండల్లో ఖస్ అనే వట్టివేళ్ళ తడికలు తడిపి ఆరబెడతాడు. ఆ తడి వేళ్ళ వాసన మెట్లెక్కి పైకి వచ్చిందంటే నాకు మళ్ళీ పన్నెండేళ్ళు వచ్చేస్తాయి. రాయ్‌పూర్ రైల్వే కాలనీ సెలవుల మధ్యాహ్నాలు, పనసపొట్టు కూరలో ఆవఘాటు, పెరట్లో ఎండుతున్న వడియాలు, తెందూపళ్ళు, అదే తునికిపళ్ళు, తిని జిగటెక్కిన వేళ్ళు, ఆ వేళ్ళతోనే పేక ముట్టుకుంటే అమ్మమ్మ వేసే మొట్టికాయ, అన్నీ ఒక్కసారిగా కమ్ముకుంటాయి.

అమ్మమ్మది విజయనగరం. రైళ్ళలో గార్డు ఉద్యోగం చేసిన తాతయ్యకి బ్రిడ్జి పేకాట నేర్పింది తనే. కానీ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆదివారాలు ఆడింది మాత్రం ఆయనే. ఆయన పోయాక ఆయన కుర్చీలో తను కూర్చుంటానని అమ్మమ్మ అడిగితే, "లేడీస్‌కి తంబోలా ఉంది కదా, మాతాజీ" అన్నాడు సెక్రటరీ.

నా పన్నెండో ఏటి వేసవిలో హాల్లో జరిగే బ్రిడ్జి పోటీకి ఒక జత తక్కువైంది. అమ్మమ్మ వెళ్ళి పేరిచ్చేసింది. ఆమెకి జోడీగా కూర్చోడానికి మగవాళ్ళెవరూ రాలేదు.

"నువ్వొస్తావేటే?" అంది నాతో. నేను చెప్పులేసుకున్నాను.

చివరి ఆట సెక్రటరీ మీదే పడింది. తురుపు లేకుండా పదమూడు పట్లలో తొమ్మిది తెస్తానని ఆయన మాట. ఆ మాట నెగ్గనివ్వకుండా ఆపడం మా పని. ఆట నియమం ప్రకారం ఆయన జోడీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేశాడు, ఇక వాటినీ సెక్రటరీయే ఆడాలి. అందులో డైమన్లు ఐదు, రాజు నుంచి తొమ్మిది దాకా వరసగా ఉన్నాయి. వాటి ఆసు నా దగ్గరుంది. బల్ల మీది ముక్కల్లో ఇంకే రంగులోనూ పెద్ద ముక్క లేదు.

"మంచినీళ్ళు తాగుతావేటే?" అని అమ్మమ్మ నన్నడిగింది. సెక్రటరీ బల్ల మీద చరిచాడు. తెలుగులో ముక్కలు చెప్పేసుకుంటున్నారట, ఇంకో తెలుగు మాట వినిపిస్తే లేచి వెళ్ళిపోవాలట. హాలంతా మా వైపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది.

అమ్మమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "నోరు మూసుకుంటాం బాబూ. ముక్కలు మాట్లాడతాయి" అంది, తెలుగులోనే.

సెక్రటరీ తన చేతిలోంచి డైమన్ వేశాడు. అమ్మమ్మ రెండు వేసింది. బల్ల మీంచి రాజు వచ్చింది. నా చెయ్యి ఆసు మీదికి వెళ్ళిపోయింది. "ఆసుంది కదా అని జల్దీ జల్దీగా వేసెయ్యకే, ఆరామ్‌గా నేనేం వేశానో సూడు" అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో! చిన్న ముక్క ముందు వేస్తే ఆమె దగ్గర ఆ రంగువి బేసి లెక్కలో ఉన్నట్టు. ఈ పద్ధతి ఆట మొదట్లోనే అందరికీ చెప్పాం కూడా. ఆమెవి మూడు, నావి మూడు, బల్ల మీద ఐదు. అంటే ఆయన దగ్గర ఉన్నవి రెండే, ఆ రెండూ అయిపోయేదాకా ఆసు దాచుకోవాలి.

"జల్దీ, బేటీ" అన్నాడాయన. నేను నాలుగు వేశాను.

ఆయన నవ్వుకుని బల్ల మీంచి రాణిని ఆడాడు. అప్పుడు కొట్టాను ఆసుతో. ఆయన దగ్గరున్న రెండో డైమనూ దానితో పోయింది. మిగిలిన మూడు డైమన్లూ ఎదురుగా పరుచుకునే ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఆయన చేతిలో ఇంకో డైమన్ లేదు. ఏడు పట్ల దగ్గర ఆగిపోయాడు.

"లక్" అన్నాడు ముక్కలు విసిరేసి.

"గిన్‌తీ" అంది అమ్మమ్మ, ఈసారి హిందీలో. లెక్క అని.

పోటీలో మేం మూడోవాళ్ళం, కప్పు మాకు రాలేదు. మరుసటి ఆదివారం అమ్మమ్మ ఎవర్నీ అడక్కుండా వెళ్ళి తాతయ్య కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళు మొరాయించేదాకా ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. హాలు కూల్చి ఆ జాగాలో బళ్ళు నిలబెడుతున్నారు. ఆదివారం అంటే పేక పంచే చప్పుడని కాలనీలో ఎవరికీ గుర్తు లేదు. మొన్న రాయ్‌పూర్ పక్కనే మందిర్ హసౌద్‌లో ఒక పెళ్ళిలో రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరు, ఆ హాల్లో ఆడవాళ్ళు ఎన్నడూ బ్రిడ్జి ఆడలేదని ధీమాగా అన్నాడు.

"ఆడారండీ. నేనూ ఆడాను" అన్నాను.

ఆయన నమ్మనట్టు నవ్వాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన ప్లేట్లో అన్నం చల్లారిపోతున్నా వదలకుండా, ఆ ఆట మొత్తం ముక్క ముక్కా చెప్పాను.