విప్పిన కుట్లు

డెబ్బైల నాటి మాట. పుండుందని ఆపరేషను చేసి కడుపులో సగం కోసి తీసేశాక బాగా సన్నబడి, చొక్కాలన్నీ లోపలికి పట్టించి కుట్టించుకున్నాను. ఆపరేషను కుట్లు ఆస్పత్రిలో డాక్టరే విప్పాడు. నాలుగేళ్లు తిరిగేసరికి మళ్లీ ఒళ్లొచ్చి, చొక్కాల కుట్లు నేను విప్పించుకున్నాను. ఒకరోజు తిరువూరులో బస్సెక్కితే, మెడలో కొలతల టేపున్న దర్జీ సాయిబుగారొకరు పక్కన కూర్చుని, నా చొక్కా పక్కల మిగిలిన సూది చిల్లులనే చూస్తున్నారు.

"ఉతుకులో పొట్టిదైపోయిందండీ," అన్నాను, ఆయన అడక్కుండానే.

"చొక్కా చేతులు పొడుగ్గానే ఉన్నాయి కదండీ," అనేసి, నా ముఖం చూసి చప్పున సర్దుకున్నారు. "లోపల ఇంకో వేలెడు గుడ్డ ఉంది లెండి. మళ్లీ వదులు చేయొచ్చు."

పొట్టి కాదు, పొట్ట అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. సిగ్గుతో విస్సన్నపేట దాకా పొట్ట లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టే కూర్చున్నాను. ఇప్పుడు దర్జీ టేపు తీస్తే మాత్రం ఊపిరంతా వదిలేసి నిలబడతాను.