నొప్పి దగ్గర ఆగడం నేర్పిన మాష్టారు

మా పై వాటాలో ఉండే డ్రిల్లు మాష్టారు మొన్న ఉదయం గుండెపోటుతో పోయారు. ఈరోజు నేను రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నానంటే ఆయన పుణ్యమే.

కొన్నేళ్ళ కిందటి మాట. మా అమీర్‌పేటలో అప్పటికే సందుసందునా కంప్యూటరు కోచింగులు వెలిశాయి. ఆ పిల్లల గుంపుల మధ్య పంజగుట్ట వైపు నడుస్తుంటే నా పిక్క పట్టేసేది. ఏదో చీరల కొట్టు ముందు ఆగి, అద్దంలోంచి చీరలు చూస్తున్నట్టు నిలబడేదాన్ని. కాసేపటికి తగ్గేది. ఒకరోజు వెనకే వస్తున్న మాష్టారు నవ్వారు.

"ఏందమ్మా, దుకాణం మొత్తం కొంటరా?"

"పిక్క పట్టేసింది మాష్టారూ. వయసు కదా."

"నిలవడితె తగ్గుతుందా? అయితె గది వయసు కాదు. కాలికి నెత్తురు సక్కగ పోతలేదు. గిట్లనే నేను సిగరెట్లు తాగి కాలి వేలొకటి పోగొట్టుకున్న. మీకు షుగర్ సుత ఉన్నది. జర డాక్టరుకు సూపియ్యండ్రి."

నేను దేవుడికి చూపించుకున్నాను. నొప్పి పోవాలని, చెప్పులు లేకుండా గుడి చుట్టూ ప్రదక్షిణలు మొక్కుకుని తిరిగాను. షుగరుతో మొద్దుబారిన అరికాలు ఎండకు కాలిన బండల మీద బొబ్బలెక్కి చితికినా నాకు తెలియలేదు. మా మెట్ల మీద రక్తపు మరక చూసింది మాష్టారే.

"దేవుడు కాలు అడిగిండా అమ్మా?" అని కేకలేసి, అప్పటికప్పుడు ఆటో ఎక్కించారు.

డాక్టరు చేతికీ చీలమండకీ బీపీ చూసి, కాలికి రక్తం తీసుకెళ్ళే నాళాలు సన్నబడ్డాయన్నారు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే పాదం దక్కేది కాదన్నారు. మందులు రాసి, పుండు మానాక రోజూ నడవమన్నారు. నొప్పి వస్తే ఆగి, తగ్గాక మళ్ళీ నడవాలట.

ఆ నడక నా చేత నడిపించింది మాష్టారు. తెల్లవారగానే ఈల వేస్తూ మెట్లు దిగేవారు. పుండ్లేమైనా పడ్డాయేమోనని అరికాళ్ళు అద్దంలో చూసుకున్నానా అని హాజరు తీసుకున్నట్టు అడిగేవారు. నేను మనవళ్ళను అదిలించినట్టే ఆయన నన్ను అదిలించేవారు; మా ఇంట్లో ఆ ధైర్యం ఇంకెవరికీ లేదు. దారిలో ఆగడానికి నేను మొహమాటపడితే, "ఆగుడు ఓడుడు కాదమ్మా. ఇంట్ల కూసునుడే ఓడుడు" అనేవారు.

నిన్న ఆయనను తీసుకువెళ్తుంటే సందు చివరిదాకా సాగనంపుదామని వెనకే నడిచాను. సగం దారిలో పిక్క పట్టేసింది. ఆగాను. పాడె మలుపు తిరిగింది. నొప్పి తగ్గాక మళ్ళీ నడిచి రోడ్డు మీదికి వచ్చేసరికి పాడెను ఎక్కించుకుని బండి వెళ్ళిపోయింది. బంతిపూల రేకులు పంజగుట్ట వైపు రాలి ఉన్నాయి. భుజాన సంచులతో కోచింగు పిల్లలు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు.