మేకను ఎవరు లాగాలి

గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వెళ్లే మనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. మా ఇన్సాఫ్ వెళ్లి చూసుకుని, మళ్లీ బయల్దేరి, ఇందాక సరిగ్గా చూశానా లేదా అని ఇంకోసారి వెళ్లే రకం. తరగతిలో ఎవరికైనా దగ్గు వస్తే ఇంటికెళ్లాక కూడా ఆ దగ్గే తలుచుకుంటుంది. తనిఖీకి వచ్చిన పెద్దమేడమ్ నవ్వితే ఎందుకు నవ్విందని దిగులు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని దిగులు. ఈజిప్టులో గీజా ఊళ్లో ఫైసల్ వీధి వెనక సందుల్లో ఉన్న మా బడిలో ఆవిడ మూడో తరగతికి అరబ్బీ చెబుతుంది. పక్క గదిలో నేను లెక్కలు చెబుతాను. ఇక్కడ టీచరమ్మను అబ్లా అంటారు. మధ్యలో గోడ పలచన, ఆవిడ కంగారంతా నా చెవిన పడాల్సిందే.

ఇన్సాఫ్ తండ్రి బట్టలు ఇస్త్రీ చేసేవాడు. ఇస్త్రీ బట్టలు చుట్టడానికి తూకానికి కొన్న చిత్తుకాగితాల్లో పిల్లల పత్రికలేమైనా ఉంటే ముందుగా ఏరి దాచుకునేదట. అలా అక్షరం మీద మోజు పుట్టింది. పెళ్లయింది, భర్త మైక్రోబస్సు నడుపుతాడు, మంచివాడు. పిల్లలు కలగలేదు. ఆ మాట ఆవిడ ఎత్తదు, మేమూ ఎత్తం. జీతం రాగానే అజ్బకియాలో పాత పుస్తకాల అంగళ్లన్నీ తిరిగి బొమ్మల కథలు కొనుక్కొస్తుంది. వాటిని తరగతి గదిలో బల్ల కింద బిస్కెట్ల అట్టపెట్టెలో పెడుతుంది. గురువారం ఆఖరి పీరియడు కథల పీరియడు. ఆవిడ ఒక పేజీ చదివి, పుస్తకం తిప్పి బొమ్మ చూపించి, ఇప్పుడేమవుతుందో చెప్పండి అని అడుగుతుంది. అప్పుడు లేచే గోలకు నా గదిలో కూడికలు తీసివేతలవుతాయి.

ఆవిడ ఏరి తెచ్చే కథలన్నీ ఒక్క తీరువి. ఎక్కడినుంచో వచ్చిన పిల్లో పిల్లాడో, ముందు వెలివేసే ఇక్కడి పిల్లలు, చివరికి స్నేహం. ఒకదాంట్లో నూబియా పిల్లాడు, ఒకదాంట్లో సీవా ఎడారి పిల్ల, ఇంకోదాంట్లో రొట్టెల బట్టీ నడిపే ఆర్మీనియా తాత మనవడు, చైనా పిల్ల కథ కూడా ఒకటి. "పిల్లల మనసు తడి మట్టి సుహైర్, ఇప్పుడు ఏది గుచ్చితే అదే మొలుస్తుంది" అనేది నాతో. ముందు ఎక్కాలు మొలిపించు, తర్వాత స్నేహాలు మొలిపిద్దువుగాని అనేదాన్ని నేను. నాకు కథల మీద పెద్ద నమ్మకం లేదు. రెండూ రెండూ నాలుగన్నప్పుడు ఎవరి కళ్లలోనూ నీళ్లు తిరగవు, అదే నాకిష్టం.

శీతాకాలం సెలవుల తర్వాత ఆ తరగతిలోకి రుఫైదా వచ్చింది. ఉమ్‌దుర్మాన్ నుంచి తల్లీ కూతుళ్లు సుడాను యుద్ధం దాటుకుని వచ్చారు. తండ్రి వెనక వస్తానని ఆగిపోయాడు, తర్వాత కబురు లేదు. తల్లి ఇఖ్లాస్ అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఇక్కడ పెళ్లికూతుళ్ల చేతులకు గోరింటాకు పెడుతుంది. రుఫైదా సన్నగా పొడుగ్గా ఉంటుంది. మా పిల్లలు ఒక్క ముక్కలో తేల్చేసే పలకరింపును తను వాళ్ల దేశపు అలవాటు ప్రకారం భుజం మీద చెయ్యి వేసి, నువ్వు బాగున్నావా, ఇంట్లో అందరూ బాగున్నారా, అమ్మ ఆరోగ్యం బాగుందా అని తీరిగ్గా అడిగేది. అది విని తరగతంతా పగలబడి నవ్వింది. నాలుగు నాళ్లలో పిల్ల పలకరించడం మానేసింది.

ఆ తరగతికి రాణి బస్మలా. మూడో బెంచీలో కూర్చుంటుంది. దాని పక్కన ఒక చోటు ఖాళీ ఉంది. రుఫైదా అటు అడుగు వేసిన ప్రతిసారీ బస్మలా తన సంచి తీసి ఆ చోట్లో పెట్టేది. ఆఖరి బెంచీలో ఒంటరిగా కూర్చోవడం ఆ పిల్లకు అలవాటైపోయింది. సంచి తీయించి కూర్చోబెట్టరాదా అని నేను ఇన్సాఫ్‌ను అడిగాను. బలవంతాన కూర్చోబెడితే పక్కనుండి గిల్లుతుందేమో, గిల్లితే ఈ పిల్ల చెప్పదేమో, చెప్పకపోతే తనకెలా తెలుస్తుంది అని ఆవిడ ఒక గొలుసు చదివింది. చివరికి, కథే ఆ సంచి తీయిస్తుంది చూడు అంది.

కథ దొరికింది. అజ్బకియాలో రెండు శుక్రవారాలు గాలించి తెచ్చింది. దూరపు నదీతీరం నుంచి ఒక నల్లటి పిల్ల ఒక ఊరికి వస్తుంది. ఊరి పిల్లలు ఆటకు రానివ్వరు. ఒకరోజు వాళ్ల మేక కాలువలో పడుతుంది. అందరూ గట్టున నిలబడి ఏడుస్తుంటే ఆ పిల్ల చెప్పులు విప్పి దూకి మేకను లాగుతుంది. ఆ రోజు నుంచి అందరూ కలిసి ఆడుకుంటారు. గురువారం ఇన్సాఫ్ ఎంత బాగా చదివిందో నాకు గోడ ఇవతలికే తెలిసింది. మేక ఒడ్డున పడేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. రుఫైదా ఆ బొమ్మను దగ్గరగా చూస్తానని పుస్తకం అడిగి తీసుకుందట.

ఆ పై వారం నుంచి రుఫైదా మారింది. మెట్ల దగ్గర నిలబడి చిన్న తరగతుల పిల్లలు దిగుతుంటే రెండు చేతులూ చాపి ఉంచేది. ఎవరి పెన్సిలు దొర్లినా పరిగెత్తేది. గేటు కింద ఇరుక్కున్న పిల్లికూనను లాగబోయి మోచెయ్యి గీరుకుంది. ఇన్సాఫ్ ముఖం వెలిగిపోయింది. "చూశావా, కథ పనిచేసింది" అంది. నాకేమో ఆ పిల్ల చేతులు చాపి నిలబడే తీరు మింగుడు పడలేదు. ఎందుకో తెలియదు, చెప్పనూ లేదు. సంచి మాత్రం దాని చోట్లోనే ఉంది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, బడి విడిచి చాలాసేపయ్యాక మేము టీ తాగుతుంటే ఇఖ్లాస్ వచ్చింది. వేళ్లకు గోరింటాకు మరకలు. సుడాను వాళ్ల పద్ధతిలో మా ఇద్దరి యోగక్షేమాలూ అడిగింది, అడుగుతున్నంతసేపూ కళ్లు మా వెనక గదిని వెతుకుతూనే ఉన్నాయి. తర్వాత నెమ్మదిగా అంది, "అబ్లా, మా పిల్ల ఇంకా ఇక్కడే ఉందా?"

ఇన్సాఫ్ చేతిలో గ్లాసు కింద పడింది. ఉత్త పుణ్యానికి కంగారు పడే మనిషికి నిజంగా కంగారు పడాల్సిన రోజు వస్తే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. గాజుపెంకులు దాటుకుని వెళ్లి ముందు తన గదిలో బల్ల కింద వంగి చూసింది. గదులన్నీ, మరుగుదొడ్లు, మేడ మెట్లు, నీళ్ల ట్యాంకు వెనక, అంతటా వెతికాం. పిల్ల అందరితోపాటే బయటికి వెళ్లిందని, కుడివైపు తిరగాల్సింది ఎడమకు తిరిగిందని గేటు దగ్గరి షాజ్లీ బాబాయి చెప్పాడు. ఒకవేళ ఈలోగా ఇంటికి చేరుతుందేమో అని ఇఖ్లాస్‌ను ఇంటివైపు పంపి మేమిద్దరం రోడ్డున పడ్డాం.

ముందు బస్మలాను అడుగుదామని వెళ్లాం, మందుల షాపు మీద వాటా వాళ్లది. అది తలుపు తీసి మమ్మల్ని చూడగానే వెళ్లి వాళ్లమ్మ వెనక దాక్కుంది. ఇన్సాఫ్ మోకాళ్ల మీద కూర్చుని దాని చేతులు పట్టుకుంది. రుఫైదా నీతో ఏమైనా చెప్పిందా అని అడిగింది. పిల్ల నేల చూపులు చూసింది. చివరికి వాళ్లమ్మ గదమాయిస్తే నోరు విప్పింది.

"నా పక్కన కూర్చోవచ్చా అనడిగింది. ముందు ఎవరినైనా కాపాడి రా, అప్పుడు చూద్దాం అన్నాను. పిల్లికూనను తీశాను కదా అంది. పిల్లికూన లెక్కలోకి రాదన్నాను."

"ఎక్కడికి వెళ్తానంది తల్లీ?"

"ఏమీ అనలేదు అబ్లా. పుస్తకంలో అయితే కాలువ కదా."

కాలువ మా బడికి ఎడమ పక్క సందులు దాటితే వస్తుంది. నేను లావుపాటి మనిషిని, పరిగెత్తి ఎన్నేళ్లయిందో. ఇన్సాఫ్ నాకంటే ముందు పరిగెడుతోంది, పరిగెడుతూ ఆ పుస్తకంలో పేజీ గొణుగుతోంది. చెప్పులు విప్పింది, దూకింది. చెప్పులు విప్పింది, దూకింది. గట్టు కనబడేసరికి అక్కడ జనం మూగి ఉన్నారు. ఎవరో ఆడమనిషి శోకాలు పెడుతోంది. ఇన్సాఫ్ మధ్యలోనే ఆగిపోయింది. ఇక అడుగు వేయలేదు. "నువ్వు చూడు సుహైర్, నేను చూడలేను" అంది.

నేను జనాన్ని తోసుకుని వెళ్లాను. ఒక తుక్‌తుక్ బండి గట్టు జారి నీళ్లలోకి ఒరిగింది. నారింజకాయలు తేలిపోతున్నాయి. శోకాలు పెడుతున్నది వాటి యజమానురాలు. పిల్లలెవరూ పడలేదు కదా అని నలుగురిని అడిగాను. లేదన్నారు. చెయ్యి ఊపి ఇన్సాఫ్‌ను పిలిచాను.

కొంచెం అవతల, పంపుసెట్టు దగ్గరి మెట్ల మీద ఉంది రుఫైదా. అడుగు మెట్టు మీద కూర్చుని స్నానాలు చేస్తున్న మగపిల్లల్నే కన్నార్పకుండా చూస్తోంది. పక్కన బూట్లు జతగా పెట్టి ఉన్నాయి. మేజోళ్లు మడిచి వాటిలో దోపింది. పుస్తకాల సంచి తడవకుండా పైమెట్టు మీద పెట్టింది.

ఇన్సాఫ్ వెళ్లి దాని వెనక మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో భుజాలు పట్టుకుంది. తిట్టలేదు. ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ అని మాత్రం అడిగింది.

"చూస్తున్నాను అబ్లా. ఇందాక ఒకడు మునిగాడు. కానీ వాడే తేలిపోయాడు." ఆ పిల్ల గొంతులో నిరాశ.

"నీకు ఈత వచ్చా?"

"రాదు." నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే అంది, "పుస్తకంలో ఆ పిల్లకు వచ్చని రాయలేదు కదా."

ఇన్సాఫ్ మేజోళ్లూ బూట్లూ తీసి తనే తొడిగింది. తొందరలో మేజోడు ఒకటి తిరగేసి తొడిగింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అప్పటికి ఇఖ్లాస్ కూడా ఎవరో చెబితే గట్టు వెంట వస్తోంది. కూతుర్ని కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తల నిమిరింది, ఒళ్లంతా తడిమి చూసుకుంది, సంగతంతా విన్నది. తర్వాత ఇన్సాఫ్ వైపు తిరిగి సాగదీసే ఆ మెత్తని యాసలోనే అంది.

"అబ్లా, మా పిల్ల ఎవర్నీ కాపాడక్కర్లేదు. దాన్ని కాపాడుకోవడానికే నేను ఇంత దూరం వచ్చాను."

కూతుర్ని తీసుకుని ఆవిడ వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి వీడ్కోలు చెప్పలేదు, సుడాను మనిషి వీడ్కోలు చెప్పకుండా వెళ్లడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు రుఫైదా బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. టీచర్ల గదిలో బల్ల మీద ఇన్సాఫ్ అట్టపెట్టె బోర్లించింది. ఒక్కో పుస్తకమూ తీసి ఆఖరి పేజీలు చూస్తూ పోయింది. నూబియా పిల్లాడు పట్టాల మీద నిలబడి రైలు ఆపాడు, స్నేహితుడయ్యాడు. సీవా పిల్ల దారి తప్పినవాళ్లకు బావి చూపించింది, స్నేహితురాలైంది. రొట్టెల తాత మనవడు మంటలోకి దూరి ఎవరినో తీసుకొచ్చాడు. చైనా పిల్ల పందెంలో బడికి కప్పు తెచ్చిపెట్టింది. "ఊరికే ఉన్న పిల్ల ఒక్కతి కూడా లేదు సుహైర్" అంది. "ఇన్నేళ్లు ఏమిటి చదివి వినిపించాను?" వెక్కిరించడానికి నాకు ఇంతకంటే మంచి సందు దొరకదు. కానీ నోరు రాలేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మంచివాళ్లే, కొన్న ఇన్సాఫ్ వెన్నపూస. ఇంతమంది మంచివాళ్లు కలిసి ఒక పిల్లను కాలువ మెట్ల మీద కూర్చోబెట్టారు.

ఆ పిల్ల ఇక రాదేమోనని ఇన్సాఫ్ కుమిలిపోయింది. ఇంటికి వెళ్లి అడుగుదామంటే ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. నేనే చెప్పాపెట్టకుండా వెళ్లి ఇఖ్లాస్ చేతి టీ తాగి వచ్చాను. పంపిస్తాననీ అనలేదు, పంపించననీ అనలేదు.

గురువారం రుఫైదా వచ్చింది, ఆలస్యంగా. ఆఖరి పీరియడులో నేను నా పిల్లలకు ఒక పెద్ద గుణకారం ఇచ్చి పక్క గది తలుపు దగ్గర నిలబడ్డాను. ఇన్సాఫ్ చేతిలో అదే పుస్తకం. దూరపు నది నుంచి ఒక పిల్ల వచ్చిందని చదివింది. వాళ్లు ఆటకు రానివ్వలేదని చదివింది. అక్కడ ఆగి, నాలుగైదు పేజీలు ఒక్కసారిగా తిప్పేసి, ఆ రోజు నుంచి అందరూ కలిసి ఆడుకున్నారని చదివి పుస్తకం మూసేసింది.

తరగతి గొల్లుమంది. మేక పేజీ వదిలేశారన్నారు. ఇది కథే కాదన్నారు. బస్మలా లేచి నిలబడింది.

"ఆ పిల్ల ఏమీ చెయ్యకపోతే మరి వాళ్లు ఎందుకు స్నేహం చేశారు అబ్లా?"

అడగాల్సిన ప్రశ్నే. ఇన్సాఫ్ నావైపు చూసింది, నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆవిడే అడిగింది, "నువ్వు ఒకటో తరగతిలో చేరిన రోజు ఎవరిని కాపాడావు బస్మలా?"

బస్మలా నిజంగానే ఆలోచించింది. "ఎవర్నీ లేదు. ఏడ్చాను."

గంట కొట్టేదాకా ఏడ్చిందని, చీమిడి కూడా కారిందని వెనకనుంచి ఎవరో సాక్ష్యం చెప్పారు. అందరూ నవ్వారు. బస్మలా చెవులు ఎర్రబడ్డాయి.

"మరి నీ పక్కన ఎవరూ కూర్చోలేదా?"

"కూర్చున్నారు" అంది గొణుగుతూ, కూర్చుంది.

అప్పుడు ఆఖరి బెంచీలో రుఫైదా లేచింది. ఆ పిల్ల తరగతిలో తనంతట తాను నోరు విప్పడం చాలా రోజుల తర్వాత. ముఖంలో బెంగ.

"అబ్లా, అలా వదిలేస్తే మేక చచ్చిపోతుంది కదా. దాన్ని ఎవరు లాగాలి?"

"ఎవరి మేకో వాళ్లే లాక్కుంటారు తల్లీ. ఆ ఊళ్లో పెద్దవాళ్లు లేరా?" అంది ఇన్సాఫ్. "నువ్వు కూర్చో."

రుఫైదా ఇంకా నిలబడే ఉంది, మేక సంగతి తేలక. బస్మలా వెనక్కి తిరగలేదు, తలెత్తలేదు. పక్కనున్న సంచిని మాత్రం తీసి తన కాళ్ల దగ్గర పెట్టుకుంది.