తప్పు బంకది కాదు

ఆ రోజుల్లో నాకున్న ధీమా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా ఊరు క్యాతగానచెర్లులో చేను సోలార్ ప్లేట్ల కిందికి పోయాక, ముప్పై దాటిన ఈ రైతు చేతిలో పని లేక కాగితం స్ట్రాలు చేసే మిషన్ ఒకటి తెచ్చి పాత కొట్టంలో పెట్టాడు. మూడు కాగితపు రిబ్బన్లు బంక పూసుకుని వచ్చి, సన్నటి ఇనుప కడ్డీకి ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పొడుగాటి గొట్టమవుతాయి. బ్లేడు దాన్ని ముక్కలు చేస్తుంది. బంక కలిపేది మా మేనత్త. జన్మంతా రాగిసంగటి గెలికిన చెయ్యి కదా, కట్టె పైకెత్తి జారే ధార చూసి చిక్కదనం చెప్పేసేది.

కోసిన స్ట్రాలను వేడిగాలి పెట్టెలో ఆరబెట్టాలి. మొదటి పెద్ద ఆర్డరుకు మా పెట్టె చాలలేదు. పావగడ వ్యాపారేమో మర్నాడే వస్తానన్నాడు. చివరికి మిద్దె మీద టార్పాలిన్ పరిచి స్ట్రాలన్నీ ఎండలో పోశాను (మా ఎండకు ఆరనిది లోకంలో ఉందా అని). సాయంత్రం ఒక పిడికెడు తీసుకుని, చెనక్కాయలు ఎండాయో లేదో చూసినట్టే చెవి దగ్గర ఆడించాను. గలగలమన్నాయి.

"ఎండినాయత్తా, ప్యాక్ చేద్దాం."

అత్త ఒక స్ట్రా చీల్చి లోపలి పొరను వేలితో తాకింది. "లోపల పచ్చి ఉండాది నాయనా. ఇంగో దినం ఉండనీ."

"చెనక్కాయలు ఎండబెట్టి పెరిగినోణ్ణి, నాకే చెప్తాండావా?"

"దీంట్లో గింజ యాడుందప్పా, గలగలమనేకి?"

నేను నవ్వేసి ప్యాక్ చేయించాను.

మర్నాడు వ్యాపారి వచ్చి, గ్లాసులో నీళ్ళు పోయించి పది స్ట్రాలు నిలబెట్టాడు. "అర్ధగంట చూద్దాం స్వామీ" అని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పరీక్ష ఫలితాల రోజున కూడా నాకంత చెమట పట్టలేదు (అప్పుడు ఫలితం నాకు ముందే తెలుసు). పావుగంటకు ఒక స్ట్రా నడుము వంచింది. రెండోది పొరలు విప్పుకుని మెల్లగా నీళ్ళలోకి దిగింది.

"ఏంది స్వామీ ఇది, తాగేకా, తినేకా?"

అప్పుడు నా నోట వచ్చిన మాటనే ఈ రోజు సరిచేయాలి. "బంక పల్చనైందన్నా. మా అత్త కలిపింది."

అత్త నా పక్కనే ఉంది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ కొట్టంలోకి రాలేదు. ఆర్డరు పోతే పోయింది, బంక చెడగొట్టిందన్న పేరు మాత్రం ఊళ్ళో ఆమెకు నిలిచిపోయింది. పెళ్ళిళ్ళలో సంగటి గెలికేందుకు పిలిచినవాళ్ళు కూడా, "సూడుమ్మా, పల్చనయ్యేను" అని ఎగతాళి చేసేవాళ్ళు. నేను వింటూ, వడ్డించింది తింటూ కూర్చునేవాణ్ణి.

వెంట్రుకలు నెరిశాక, మొన్న వెళ్ళి చెప్పాను. "అత్తా, ఆ పొద్దు బంక బాగానే ఉండె. తప్పు నాది."

చీపురు కట్టుకుంటున్న అత్త తలెత్తలేదు. "నాకెందుకు చెప్తావప్పా? నాకు తెల్సిందే కదా. తెలీనోళ్ళకి చెప్పు."

అందుకే ఇదంతా రాసి, మొదట ఆమెకే చదివి వినిపించాను. చివరిదాకా విని, "ఇంత పొడుగెందుకు నాయనా? అబద్ధం చెప్పినానంటే సాలదా?" అంది.

చాలు. నిజంగా చాలు. ఆ ఒక్క మాటకు ఇన్నేళ్ళు తీసుకున్న పెద్దమనిషిని ఈ ఉదయం గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసి, కాస్త నవ్వుకున్నాను.