రబ్బరుతో చెరిపిన ల్యూసిన్

నిన్న పాసింజరు రైల్లో ఒకావిడ "జర జరుగక్కా" అంటూ నా పక్కన సర్దుకుని కూర్చుంది. ఆమె భుజం ఒత్తుకోవడంతో నేను ముడుచుకుంటే, కిటికీ చువ్వ నా మోచేతికి చల్లగా తగిలింది. వెంటనే రాజయ్య సారు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు సారు మాకు జీవరసాయనం చెప్పేవారు. రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వచ్చేవారు. బక్కపలచని మనిషి. ఆ రైల్లో నలిగీ నలిగీ అలా అయ్యారని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. "ప్రొటీన్ అంటే ఉండ చుట్టిన పూసల దండ. ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం. నీళ్లు గిట్టని పూసలు లోపల దాక్కుంటయి. తరాలు గడిస్తే పైన పూసలు మారినా నడుస్తది. లోపల జాగ ఇరుకు, ఆడ మారుడు కష్టం" అనేవారు.

నా ప్రాజెక్టు ఆ మాట మీదే. కొన్ని జంతువుల రక్తంలోని ఒకే ప్రొటీన్‌ను పుస్తకంలోంచి పూసపూసగా ఎత్తి రాసి, వరుసల కింద వరుసలుగా పోల్చాలి. మర్నాడు అప్పగించాలనగా చూసుకుంటే, లోపలి పూస ఒకటి మిగతా జంతువులన్నిటిలో చిన్న అలనిన్, గుర్రంలో మాత్రం పెద్ద ల్యూసిన్! పుస్తకం అప్పటికే హైదరాబాదు లైబ్రరీకి తిరిగి వెళ్ళిపోయింది. నేనే తప్పు రాశాననుకుని, రబ్బరుతో చెరిపి అలనిన్ అని దిద్దేశాను. పట్టిక ముచ్చటగా కుదిరింది. నాకే ఆ పూట అన్నం సయించలేదు.

సారు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఏందమ్మా, ఈడ రబ్బరు పెట్టినవ్?"

"ల్యూసిన్ ఉండె సార్. తప్పు రాసిన అనుకున్న."

"అనుకున్నవా, చూసినవా?"

"అనుకున్న సార్." ఏడుపు ఆగలేదు. చదువు అక్కడితో సరి అనుకున్నాను.

సారు తిట్టలేదు. "పొద్దున రైల్ల నా పక్కకు లావాటాయన కూసున్నడు. నేనేం జేసి ఉంట?"

"ముడుచుకొని ఉంటరు సార్."

"మరి ఈ ల్యూసిన్ పక్కకు ముడుచుకున్నోడు ఎవడో చూడు."

బీరువాలోంచి తీగతో చేసిన ప్రొటీన్ నమూనా తీశారు. దండలో ఎంతో దూరాన ఉన్న మరో పూస, ఉండ చుట్టాక సరిగ్గా మా పూసకు ఆనుకుని ఉంది. పట్టికలో దాని దగ్గరికి వేలు పోనిచ్చాను. అన్నిటికీ అక్కడ పెద్ద ల్యూసిన్, గుర్రానికి మాత్రం చిన్న అలనిన్! ఒకటి పెద్దదైతే పక్కది చిన్నదైంది. అయినా సారు ఊరుకోలేదు, గడువు ఒక రోజు పెంచి, హైదరాబాదు లైబ్రరీకి ఫోన్ చేసి పుస్తకంలో ఏముందో కనుక్కోమని నాకు చెప్పారు. పుస్తకంలో ఉన్నది ల్యూసినే.

ఏది కుదరకపోయినా ఇప్పటికీ ముందు దాని పక్కన చూస్తాను. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. కొత్తది రాస్తానంటే సారు వద్దన్నారు. రబ్బరుకు పల్చబడిన ఆ చోటనే ల్యూసిన్ అని మళ్ళీ రాశాను, ఈసారి పెన్నుతో.